రెండు వేళ్ళ ఎత్తు

నాకు కోపం ఎక్కువ. ఈ సంగతి నేను చెప్పుకోనక్కర్లేదు, మా వీధిలో ఎవరినడిగినా చెప్తారు. కుట్టించుకున్న బట్ట బిగుతైందని వచ్చినవాళ్ళు కూడా ముందు గుమ్మంలో నిలబడి నా మొహం ఎలా ఉందో చూసుకుని, ఆ తర్వాతే సంచీ విప్పుతారు. అలాంటి నేను ఆ ఎండాకాలమంతా కోపం తప్ప ఇంకో పని లేనట్టు బతికాను. గిన్నెలు విసిరాను. కట్టుకున్నవాణ్ణీ తోడబుట్టినవాణ్ణీ ఒకే నోటితో తిట్టాను. ఆ తిట్లలో ఒక్కటి కూడా పడాల్సిన చోట పడలేదని తెలిసేసరికి వానలొచ్చేశాయి.

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు. మేం ఇల్లు కూడా కట్టలేదు. ఉన్న ఇంటి మీద ఒక గది, గది ముందు ఒక వరండా, అంతే. పద్నాలుగేళ్ళుగా నేను అద్దెకుంటున్న కుట్టు దుకాణాన్ని ఓనరు తన కొడుకు కోసం ఖాళీ చెయ్యమన్నాడు. "వానలు మొదలయ్యేలోపు తాళంచెవి నా చేతికి రావాలమ్మా, ఆ తర్వాత నన్నేమీ అనొద్దు" అన్నాడు. నాకున్నవి నాలుగు మిషన్లు. నాతో పాటు కుట్టేవాళ్ళు ముగ్గురు ఆడవాళ్ళు, ముగ్గురి ఇళ్ళల్లోనూ పొయ్యి వెలిగేది ఆ మిషన్ల మీదే. వానల్లోపు మేడ మీద గది తయారైతే మిషన్లు పైకెక్కుతాయి, లేకపోతే మేం నలుగురం వీధిలో ఉంటాం.

మేస్త్రి కోసం వెతుక్కోవాల్సిన పని లేదు. నా తమ్ముడే మేస్త్రి. వాడు కట్టిన గోడలు మా పేటలో ప్రతి వీధిలోనూ ఉన్నాయి. పేచీ వచ్చిందల్లా మా ఆయన దగ్గర. ఆయన బస్సు డిపోలో టైమ్ కీపరు. బస్సు రెండు నిమిషాలు ఆలస్యమైతే పుస్తకంలో ఎక్కిస్తారు, ఇంట్లో కూర ఆలస్యమైతే మొహంలో ఎక్కిస్తారు. పని మొదలుపెట్టే రోజు పొద్దున్నే ఒక కాగితం పట్టుకొచ్చి బల్ల మీద పెట్టారు. ఏ పని ఎన్నాళ్ళలో కావాలి, తప్పు జరిగితే బాధ్యత ఎవరిది, మాట తేడా వస్తే ఎవరు చెప్పిన మాట వినాలి అని వరసగా రాసుకొచ్చారు. కింద రెండు సంతకాలకి గీతలు కూడా గీశారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. "వాడు నా తమ్ముడండీ! రేపు వాడికి అన్నం పెట్టినా రసీదు రాయించుకుంటారా?" అని ఆ కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి పొయ్యి పక్కన పడేశాను.

తమ్ముడు నవ్వాడు. "పోనీలే బావా. గోడ మీద నేను గీసే గీత ఉంటుంది కదా, అదే నా కాగితం."

వాడా మాట ఊరికే అనలేదు. గోడలు లేచి, గచ్చుపూత అయ్యాక, నేల వెయ్యకముందు మేస్త్రి చేసే పని ఒకటుంది. సన్నటి పారదర్శకమైన గొట్టంలో నీళ్ళు నింపి, ఇద్దరు మనుషులు రెండు చివర్లూ పట్టుకుని రెండు గోడల దగ్గర నిలబడతారు. నీళ్ళు రెండు చివర్లలోనూ ఒకే ఎత్తున నిలుస్తాయి. అక్కడ నడుమెత్తున గుర్తులు పెట్టుకుని, నీలంపొడి అద్దిన దారాన్ని బిగలాగి వదిలితే గోడ మీద గీత పడుతుంది. ఇక తలుపైనా, కిటికీ అయినా, నేలైనా ఆ గీత నుంచే కిందికీ పైకీ కొలుస్తారు. ఇరవై ఏళ్ళలో తన గీత తప్పలేదని తమ్ముడి గొప్ప. ఆ గొప్పలో అబద్ధం లేదు.

నా వంతు పని గోడలకి నీళ్ళు కొట్టడం. పచ్చి గచ్చు ఎండకి బీటలివ్వకుండా పొద్దునా సాయంత్రం పైపు పట్టుకుని తడపాలి. వరండాలో తలుపు వైపు గోడకి నీడ ఉంది, చివరి గోడకి మాత్రం మధ్యాహ్నం నుంచీ నిప్పుల్లాంటి ఎండ. అందుకని దానికి రెండింతలు కొట్టేదాన్ని. ఆ చివరి గోడ దగ్గరే వెలుతురు బాగుంటుంది. కత్తెర పనికి వెలుతురు కావాలి. ఒకరోజు టేపు పట్టుకుని ఒక్కదాన్నే పైకెళ్ళి, నా కటింగ్ బల్ల ఇక్కడే రావాలని ఖాయం చేసుకున్నాను. నేను పొడుగు మనిషిని. దుకాణంలో పొట్టి బల్ల మీద పద్నాలుగేళ్ళు వంగి వంగి నడుము పోయింది. నేల నుంచి నలభై అంగుళాలు కొలిచి, జేబులో ఉన్న గులాబీ రంగు మైనం సుద్దతో గోడ మీద జానెడు గీత గీసుకున్నాను. బట్ట మీద అలవాటు కొద్దీ చివర చిన్న కొక్కెం కూడా పెట్టాను. ఆ ఎత్తున చేతులు ఆనించి నిలబడి చూసుకుంటే ఎంత హాయిగా ఉందో! ఆ ఎండాకాలంలో నేను మనసారా నవ్వుకున్నది ఆ ఒక్క పూటే.

టైల్స్ వెయ్యడానికి ఇద్దరు పనివాళ్ళు వచ్చే రోజున తమ్ముడికి ఇంకోచోట స్లాబు పడింది. "రెండు రోజులు ఆగండి బావా, నేను దగ్గరుండి వేయిస్తాను" అన్నాడు. మా ఆయన గోడకున్న క్యాలెండరు చూపించారు. ఈయనకి నేను తోడు. "నువ్వు పక్కన నిలబడితేనే వాళ్ళ చేతులాడతాయా? ఓనరు రోజూ వచ్చి నా ప్రాణం తింటున్నాడు!" అన్నాను.

"సరే అక్కా, గీత ఉందిగా. గీత చూసుకుని వేస్తారు" అన్నాడు వాడు.

టైల్స్ వేశారు. అద్దంలా ఉంది నేల. ఆరాక నేనే మొదటిసారి కడుగుదామని ఒక బకెట్ నీళ్ళు వరండాలో కుమ్మరించాను. నీళ్ళు చివరి గోడ దగ్గరున్న తూము వైపు పోవాలి కదా. పోలేదు. కాసేపు అటూ ఇటూ చూసి, తీరిగ్గా వెనక్కి తిరిగి, గడప దాటి నా మిషన్ల గదిలోకి నడిచాయి. చీపురు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. రేపు వానొస్తే మిషన్లన్నీ నీళ్ళలో ఉంటాయి.

మా ఆయన్ని కేకేశాను, తమ్ముడికి కబురు పెట్టాను. వాడు మధ్యాహ్నం అన్నం కూడా తినకుండా పనివాళ్ళతో సహా వచ్చాడు. ఒక్కడే పైకెళ్ళాడు. చాలాసేపు కిందికి రాలేదు. తాపీ గోడ మీద గీకుతున్న చప్పుడు వినిపించింది, ఏదో చూసుకుంటున్నాడనుకున్నాను. దిగొచ్చి మెట్ల దగ్గర నిలబడ్డాడు. మా ఆయన కూడా ఒకసారి పైకెళ్ళి చూసొచ్చారు.

"చివర ఒక వేలు పల్లం ఉండాల్సింది బావా. రెండు వేళ్ళు ఎత్తు పెరిగి ఇటు వాలింది. చివరి నాలుగు వరసలు లేపి మళ్ళీ వేస్తాను. నాలుగు రోజులు చాలు."

"ముందు తప్పు నీదని రాసివ్వు" అన్నారు మా ఆయన.

"రాయను బావా. నా గీత తప్పలేదు."

"ఆ చివర గీతే లేదయ్యా! నేనిప్పుడే చూశాను. నీ వాళ్ళు కళ్ళతో కొలిచి వేసేశారు."

వాడు తల తిప్పుకుని తాపీకి అంటిన పొడి తుడుచుకున్నాడు. అది చూసి నాకు తిక్క రేగింది. "ఆడలేక మద్దెల ఓడన్నాట్ట! గీత బాగుందట, నేల తప్పట! ఒరేయ్, నువ్వు మేస్త్రివి కాదురా, గోడలకి బురద పూసేవాడివి. చేతకాకపోతే ఆ ముక్క ముందే చెప్పి ఏడవాల్సింది, ఇంకొకణ్ణి చూసుకునేదాన్ని!"

ఈ మాటలు వాడి పనివాళ్ళు ఐదుగురూ విన్నారు. ఒకడు తల దించుకుని తట్ట సర్దుకున్నాడు. తమ్ముడు నా మొహంలోకి ఒకసారి చూశాడు. ఆ తర్వాత, "సామాన్లెత్తండ్రా" అన్నాడు. పావుగంటలో చెక్కలూ, గుంజలూ, గమేళాలూ అన్నీ బండి ఎక్కాయి. మా ఆయన మేడమెట్ల తలుపుకి తాళం వేసి, "సాక్ష్యం చెరిగిపోకూడదు" అన్నారు. తాళంచెవి వంటింట్లో మేకుకి తగిలించారు.

అక్కణ్ణుంచి మొదలైంది నా నరకం.

మా ఇంటికీ తమ్ముడింటికీ మధ్య మూడు వీధులు. ఆ మూడు వీధుల దూరానికి మా ఆయన రిజిస్టర్డ్ పోస్టులో ఉత్తరాలు పంపేవారు. "నాటి మధ్యాహ్నం రెండూ పది నిమిషాలకు తమరు పని స్థలం విడిచి వెళ్ళినందున" అని మొదలయ్యేది ప్రతి ఉత్తరం. తమ్ముడు నాలుగు ఉత్తరాలకి కలిపి ఒక్క జవాబు పంపాడు. సిమెంటు బస్తా చింపిన ముక్క మీద, "నాలుగు రోజులు చాలు. తప్పు నాదని మాత్రం రాయను" అని. మా ఆయన దాన్ని కూడా ఫైల్లో పెట్టుకుని, వచ్చిన టైము రాసుకున్నారు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే మనుషులు ఇద్దరు నాకే దొరకాలా అని తల బాదుకున్నాను.

సరే, వీళ్ళ పౌరుషాలు వీళ్ళు చూసుకుంటారు, నా పని నేను చూసుకుంటానని ఇంకో మేస్త్రిని పిలిచాను. వచ్చాడు. టీ తాగాడు. మెట్లెక్కబోతూ, "ముందు ఎవరు చేశారమ్మా?" అని అడిగాడు. తమ్ముడి పేరు చెప్పగానే ఎక్కిన మెట్టు దిగేశాడు.

"ఆయన 'వదిలేశాను' అన్నాడా?"

"అంటే?"

"ఒకరి సగం పని ఇంకొకరం ముట్టమమ్మా. వదిలేశానని ఆయన నోటితో అనాలి. అన్నరోజు కబురంపండి, అరగంటలో వస్తా."

మరదలితో అడిగించాను. అనను పొమ్మన్నాడట. చెయ్యడు, చెయ్యనివ్వడు! "వదినా, ఆయన సరిగ్గా అన్నం కూడా తినట్లేదు" అంది మరదలు గుమ్మంలో నిలబడి. "తినకపోతే మాననీ! నా బతుకు నడివీధిలో పెట్టి వాడు ఉపవాసముంటే పుణ్యమొస్తుందా?" అని తలుపేసేశాను. ఆ పిల్ల అవతల కాసేపు నిలబడి వెళ్ళిపోయింది. అడుగుల చప్పుడు వినబడుతూనే ఉంది, అయినా తలుపు తియ్యలేదు.

ఓనరు తాళంచెవి పట్టుకుపోయాడు. మిషన్లు మా ముందుగదిలోకి వచ్చాయి. నాలుగూ పట్టలేదు, ఒకటి పడగ్గదిలో మంచం కాళ్ళ దగ్గర పెట్టాం. ముగ్గురు ఆడవాళ్ళూ పొద్దున తొమ్మిదికల్లా వచ్చేస్తే మా ఆయన స్నానం చేసి ఏ గదిలో బట్టలు మార్చుకోవాలో తెలియక దొడ్లో నిలబడేవారు. కత్తిరించడానికి చోటు లేదు. నేల మీద బోర్లా పడుకున్నట్టు వంగి కత్తిరిస్తే రెండుసార్లు కొలత తప్పింది. ఒకామె పెళ్ళిబట్ట పాడైంది. ఆమె నన్నేమీ అనలేదు గానీ, మళ్ళీ రాలేదు. ముగ్గురిలో పెద్దావిడ ఒకరోజు దారం ఎక్కిస్తూ, "పక్క పేటలో ఎవరో మనుషులు కావాలంటున్నారు" అంది, ఎవరితోనూ కానట్టు. నేను వినబడనట్టు మిషను తొక్కాను. అడకత్తెరలో పోకచెక్కనై, అటు మొగుణ్ణీ ఇటు తమ్ముణ్ణీ తిట్టుకుంటూ యాభై రోజులు గడిపాను.

మబ్బులు కనబడటం మొదలయ్యాక నీటి తాత దగ్గరికి వెళ్ళాను. ఆయన ఒకప్పుడు పెద్ద మేస్త్రి, తమ్ముడికి తాపీ పట్టడం నేర్పిన మనిషి. కట్టుబడి పనుల్లో తగాదా వస్తే చుట్టుపక్కలవాళ్ళు ఆయన్నే పిలుస్తారు, నీళ్ళ గొట్టంతో కొలిచి తేలుస్తాడని ఆ పేరు. నేను జరిగిందంతా మొదలుపెట్టి చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"మాటలు నాకొద్దమ్మా. ఎవరి మాట వాళ్ళకి నిజమే. రేపు పొద్దున ఇద్దర్నీ ఇంట్లో ఉండమను. బకెట్ నీళ్ళు పెట్టు."

మర్నాడు భుజాన గొట్టం చుట్ట వేసుకుని వచ్చాడు. తమ్ముడు ఆయన వెనకాలే వచ్చి నాతో మాట్లాడకుండా నిలబడ్డాడు. చిక్కిపోయాడు. మా ఆయన తాళం తీశారు. యాభై రోజుల తర్వాత అందరం కలిసి మేడెక్కాం. నేను బకెట్ మోసుకుంటూ ఆఖర్న ఎక్కాను.

తాత గొట్టంలో నీళ్ళు నింపి, బుడగలన్నీ పోయేదాకా వేలితో తట్టాడు. "బుడగ మిగిలితే గొట్టం కూడా అబద్ధమాడుతుంది" అన్నాడు. ఒక చివర తీసుకెళ్ళి మా ఆయన చేతిలో పెట్టాడు. "తలుపు పక్కన నీలం గీత ఉంది చూడు బాబూ. నీళ్ళు సరిగ్గా ఆ గీత మీదకి రావాలి." రెండో చివర తమ్ముడికిచ్చి చివరి గోడ దగ్గర నిలబెట్టాడు.

ఇద్దరూ ఎవరి చివర వాళ్ళు చూసుకుంటున్నారు. ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా ఆ పని జరగదు. ఒకడు కొంచెం పైకెత్తితే రెండోవాడి దగ్గర నీళ్ళు కదులుతాయి.

మా ఆయన గొంతు సవరించుకున్నారు. నావైపు తిరిగి, "నీ తమ్ముణ్ణి కాస్త పైకెత్తమను" అన్నారు.

"అక్కా, బావగారిని బొటనవేలు తియ్యమను. మూతి మూసేస్తే నీళ్ళు ఎలా కదుల్తాయి?" అన్నాడు తమ్ముడు.

"మధ్యలో ఆవిడెందుకు?" అన్నాడు తాత. "గొట్టానికి ఉన్నవి రెండే చివర్లు."

మా ఆయన వేలు తీశారు. నీళ్ళు ఊగాయి.

"కొంచెం దించవయ్యా."

"దించాను. ఇప్పుడు?"

"ఇంకొంచెం... ఆ. ఆగు. కదిలించకు."

"ఆగిందా బావా?"

"ఆగింది. గియ్యి."

తమ్ముడు చివరి గోడ మీద పెన్సిల్‌తో గుర్తు పెట్టాడు. తాత ఆ గుర్తు నుంచి నేలకి కొలిచి, తలుపు దగ్గర కూడా కొలిచి, తల పంకించాడు. "ఈ చివర ఉండాల్సినదానికన్నా రెండు వేళ్ళు మెరక. సరే. టైల్స్ వేసినవాళ్ళు ఇక్కడ ఏ గీత చూసుకున్నారు?"

"గీతే లేదండీ. చూడండి, గోడ ఖాళీ" అన్నారు మా ఆయన.

నేను బకెట్‌తో ఆ గోడ పక్కనే ఉన్నాను. తమ్ముడు పెట్టిన పెన్సిల్ గుర్తుకి రెండు వేళ్ళు పైన, గచ్చు మీద జానెడు మేర తాపీ అంచుతో గీకిన జాడ ఉంది. ఎవరో నిలువుగా అడ్డంగా గట్టిగా గీకారు. గరుకు గచ్చు సందుల్లో మాత్రం ఏదో రంగు మిగిలింది. గోరుతో గిల్లాను. గోరు కిందికి గులాబీ రంగు మైనం వచ్చింది. జాడ చివర చిన్న కొక్కెం, సగం చెరిగి సగం మిగిలి.

ఆ రోజు నేను టేపుతో కొలుచుకున్న నలభై అంగుళాలు.

పైపుతో రెండింతలు నీళ్ళు కొట్టింది నేను. నీలంపొడి నీళ్ళకి నిలవదు. మైనం నిలుస్తుంది, ఇస్త్రీ పెట్టె తగిలితే తప్ప పోదు. ఈ ముక్క నాకు తెలిసినంతగా ఆ మేడ మీద ఇంకెవరికీ తెలియదు. నిజం చెప్పాలంటే, నేను అప్పటికప్పుడు నోరు విప్పలేదు. ఆ వేలు బకెట్ నీళ్ళలో ముంచి కడుక్కున్నాను. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్న సంగతి వినడమే గానీ, ఆ పని నేనే చేస్తాననుకోలేదు.

తాత మెట్టు మీద కూర్చున్నాడు. "గీత ఉందో లేదో నాకు తెలియదు. మేస్త్రి లేని రోజున పని జరిగింది. మా పనిలో అది మేస్త్రి తప్పే. అంతకన్నా నేను చెప్పగలిగింది లేదు."

దూరంగా ఉరిమింది. తమ్ముడు ఆకాశం వైపు చూశాడు. తర్వాత కింద ముందుగదిలోంచి వస్తున్న మిషన్ల చప్పుడు విన్నాడనుకుంటా, ఓసారి ఆ మెట్ల వైపు చూశాడు.

"సరే బావా, రాయండి. తప్పు నాదేనని రాయండి, సంతకం పెడతాను. రేపటి నుంచి పని మొదలెడదాం. వానొచ్చేస్తోంది."

యాభై రోజులు రాయనన్నవాడు. మా ఆయన పెన్ను తీసి, మూత విప్పి, టైము కోసం చేతి గడియారం చూసుకున్నారు.

"రాయకండి" అన్నాను. "ఆ గీత నాది."

"ఏ గీత?"

"ఇక్కడ ఉండేది. నా బల్ల ఎత్తు కోసం నేను గీసుకున్నాను, మైనం సుద్దతో. నీళ్ళు కొట్టి కొట్టి వాడి గీత కడిగేశాను. నాది మిగిలింది. టైల్స్ వాళ్ళు దాన్నే చూసుకున్నారు."

మా ఆయన పెన్నుతోనే గోడ దగ్గరికొచ్చి, వంగి ఆ జాడ చూశారు. నన్ను తిడతారనుకున్నాను. "రెండు రోజులు ఆగమంటే ఆగనిది నేనే కదా" అన్నారు మెల్లగా, పెన్ను మూత పెడుతూ.

నేను తమ్ముడి వైపు తిరిగాను. "గీకింది నువ్వేనా?"

"ఊ."

"చూడగానే తెలిసిందా?"

"నీ కొక్కెం నాకు తెలీదా అక్కా? చిన్నప్పట్నుంచి నా చొక్కాలన్నీ నువ్వే కదా కుట్టింది."

"మరి చెప్పవేంరా? యాభై రోజులురా! దయ్యంలా తిట్టాను కదరా నిన్ను!"

"బావ చూస్తే నిన్నంటారని గీకేశాను. కిందికొచ్చి నాలుగు రోజుల్లో సరిచేద్దామనుకున్నా." వాడు గొట్టం చుట్టడం మొదలుపెట్టాడు. "ఈలోపు నువ్వు మెట్ల దగ్గర అన్నావు కదా, ఆ మాట. అప్పుడు నాకూ పౌరుషం వచ్చింది. సరే, ఎప్పుడో ఒకప్పుడు ఒక్కదానివే పైకెళ్ళి గోడ చూసుకుంటావు, చూస్తే నువ్వే పరిగెత్తుకొస్తావు, అనుకున్నా. రోజూ చూశాను నీకోసం."

"తాళం వేసుంది కదరా" అన్నాను. అంటుంటేనే నా గొంతు నాకే నచ్చలేదు.

"తాళంచెవి మీ వంటింట్లో మేకుకే కదా ఉంది అక్కా."

నిజమే. రోజుకి పదిసార్లు ఆ మేకు పక్కనుంచే జల్లెడ తీసేదాన్ని. తిట్టడానికి వాడి వీధి చివరిదాకా వెళ్ళాను గానీ, పద్దెనిమిది మెట్లెక్కి చూడాలని నాకు తోచలేదు. ఏడుపొచ్చింది. ఏడ్చాను కూడా, అందరి ముందే. తాత బకెట్‌లో మిగిలిన నీళ్ళు తూములో పారబోసి, "ఇక నాతో పనిలేదు" అని దిగిపోయాడు.

ఆ సాయంత్రమే వాన పడింది. అనుకున్నట్టే వరండా మీది నీళ్ళన్నీ గదిలోకొచ్చాయి. నేనూ, మా ఆయనా, తమ్ముడూ, కబురు విని వచ్చిన మరదలూ కత్తిరింపు ముక్కల మూటలు విప్పి నేల తుడిచాం. ఆ పిల్ల చెయ్యి పట్టుకుని, "ఆ రోజు తలుపేశాను, మనసులో పెట్టుకోకు" అన్నాను. "అప్పుడే మర్చిపోయాను వదినా" అంది, పిండుతున్న గుడ్డ మీంచి తల ఎత్తకుండా.

తర్వాత చెప్పినట్టే నాలుగు రోజుల్లో పనైపోయింది. రెండో రోజు జల్లు పడితే పట్టాలు కప్పుకుని చేశారు. మిషన్లు నాలుగూ పైకెక్కాయి. పెద్దావిడ పక్క పేట మాట మళ్ళీ ఎత్తలేదు. ఇప్పుడు ఎంత వానొచ్చినా నీళ్ళు తిన్నగా తూము వైపే పోతాయి. నా బల్ల నలభై అంగుళాల ఎత్తున అక్కడే ఉంది, నడుం నొప్పి లేదు. అన్నీ బాగానే ఉన్నాయి.

కానీ పని మొదలుపెట్టే ముందు, ఆ వాన పడిన మర్నాటి పొద్దున, తమ్ముడు పనివాళ్ళని బయటే ఉంచి ఒక్కడే లోపలికి వచ్చాడు. చొక్కా జేబులోంచి మడతపెట్టిన కాగితం తీసి బల్ల మీద పరిచాడు. వాడి దస్తూరీనే, వంకరటింకర అక్షరాలు, రాత్రంతా కూర్చుని రాసినట్టుంది. చెయ్యాల్సిన పని. పట్టే రోజులు. మేస్త్రి లేకుండా నేల వెయ్యకూడదు. గోడ మీద ఎవరు గీత గీసినా పక్కన పేరు రాయాలి. మాట తేడా వస్తే అదే రోజు అందరూ కలిసి పైకెళ్ళి చూడాలి, అప్పటికీ తెగకపోతే నీటి తాత చెప్పిందే ఆఖరు. కింద రెండు సంతకాలకి గీతలు.

మా ఆయన కళ్ళజోడు పెట్టుకుని చదివారు. "బాగా రాశాడు" అనబోయి, నా మొహం చూసి ఆపేశారు.

"మన మధ్య కాగితమేంట్రా?" అన్నాను. గట్టిగా అందామనుకున్నాను, రాలేదు.

"ఉండనీ అక్కా. నీకూ మంచిది, నాకూ మంచిది."

వాడి గొంతులో కోపం లేదు. కోపం ఉంటే నాకు తెలుసు ఏమనాలో. కాగితాన్ని రెండు చేతుల్లోకీ తీసుకుని కాసేపు చూశాను. ముగ్గురం నిలబడే ఉన్నాం. బయట పనివాళ్ళు గమేళాలు దించుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"ఎక్కడ పెట్టాలి?" అన్నాను.

తమ్ముడు వేలు పెట్టి చూపించాడు. సంతకం పెట్టాను.